నవ్వితే పడిపోయే మనిషి

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో నా నోటికి భయపడనివాళ్ళు లేరు, నా మాటకు నవ్వనివాళ్ళూ లేరు. నల్లా దగ్గర బిందె దించానంటే చాలు, ఆడవాళ్ళు కడుపు పట్టుకుంటారు. ఒక్క నా మొగుడు కొమురెల్లే నవ్వడు. నేను నోరు తెరవగానే ముఖం తిప్పుకుంటాడు, లేదంటే చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఆరేళ్ళ కాపురంలో అదే వరస. నా మాటంటే అంత చీదరా అని ఎన్నిసార్లు కుమిలిపోయానో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. కూర్చుంటే కునుకు, నిలబడితే కునుకు. బువ్వ తింటూ చేయి కంచంలో పెట్టుకునే నిద్రపోతాడు. అది చాలదన్నట్టు ఒకరోజు తోటివాళ్ళు ఏదో పరాచికమాడితే మిషను పక్కనే కుప్పకూలాడు. "తాగొచ్చిండు" అన్నాడు ఫోర్‌మన్. అయ్యో రామ, ఆయనకు కల్లు వాసనే గిట్టదు! జబ్బని డాక్టరు రాసిస్తే సరే, లేకపోతే ఇంటికి పొమ్మన్నారు. నౌకరీ పోతే క్వార్టరూ పోతుంది. పిల్లను చంకనేసుకుని ఎక్కడికి పోవాలి?

తార్నాక దగ్గర యూనివర్సిటీలో నిద్ర జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఉందని ఎవరో చెబితే తీసుకుపోయాను. పేరు అరుంధతి, కోస్తా వైపు మనిషి. ఆయన్ని పడుకోబెట్టి తలకు వైర్లు అతికించారు. పట్టపగలు, కళ్ళు మూసీ మూయకముందే నిద్ర, నిద్రలోకి పోతూనే కల! కాగితం మీద గీతలు చూసి ఆవిడ తల ఊపింది.

"నిద్ర సంగతి తేలిందమ్మా. కానీ ఆ పడిపోవడం నేను కళ్ళారా చూడాలి. చూడనిది రాయలేను."

చూద్దామంటే ఆయన పడితేగా! డాక్టర్ల ముందు చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడతాడు. రెండుసార్లు వెళ్ళాం, ఉత్త చేతులతో తిరిగొచ్చాం. మూడోసారి ఆవిడ ఆయన్నే అడిగింది.

"ఎప్పుడు పడతారు? కోపమొచ్చినప్పుడా, భయమేసినప్పుడా?"

"నవ్వస్తే, అమ్మా. మోకాళ్ళు ఇర్గుతయి. సోయి ఉంటది, అన్నీ ఇనబడ్తయి. కాలు చెయ్యి మాత్రం లెవ్వయి."

"ఎవరి మాటలకు ఎక్కువ నవ్వొస్తుంది?"

ఆయన తల వంచుకున్నాడు. "గీమె మాటలకే. నోరు తెరిస్తే నాకు ఆగదు. పిల్ల మీద పడ్తనేమో అని బయటికి ఉరుకుత."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అని అరిచాను.

"చెప్తే నువ్వు మాట్లాడుడే బంద్ చేస్తవని."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ గొంతుతోనే ఆయన్ని నవ్వించమంటుంది డాక్టరమ్మ! తప్పుతుందా? కింద పరుపు వేశారు. ఆవిడ దగ్గర పనిచేసే పేరయ్య ఆయన వెనక నిలబడ్డాడు. ఆ రోజూ అతికించిన వైర్లు తల మీదే ఉన్నాయి. నేను కొంగు నడుముకు దోపాను.

"ఏమయ్యా, మన క్వార్టర్ల కరెంటు పోయి రెండు రోజులాయె. గా వైర్లు తియ్యకు, గట్లనే ఇంటికి రా. నీ నెత్తిమీద బల్బు పెడ్త. పెండ్లయినకాడికెల్లి గా తలకాయల ఎలుగు కోసం చూస్తున్న, గిప్పుడన్న వస్తదేమో!"

పేరయ్య కిసుక్కుమన్నాడు. ఆయన పెదవులు బిగబట్టాడు, తలుపు వైపు చూశాడు. ఎక్కడికి పోతాడు, తల నిండా వైర్లాయె! నవ్వు రానే వచ్చింది. దవడ జారింది, మెడ వాలింది, మోకాళ్ళు మడతపడ్డాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. డాక్టరమ్మ ఆయన మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది. అలా తడితే ఎవరి కాలైనా ఎగురుతుందట, ఆయన కాలు కదల్లేదు.

"నటించేవాడికి ఇలా కుదరదు. ఇది తాగుడు కాదు, జబ్బే" అందావిడ. "దిగులు జబ్బుకు వాడే మాత్రలు ఇలా పడిపోయేవాళ్ళకూ పనిచేస్తున్నాయని బయటి దేశాల డాక్టర్లు రాస్తున్నారు. పగటి నిద్రకు వేరే మాత్ర ఉంది. నెల రోజులు వాడి చూద్దాం. మిషన్ల పక్కన పని కదా, పడడం ఆగితేనే పనిలోకి తీసుకోమని రాస్తాను."

ఆ నెలంతా ఇంట్లో నోరు కట్టేసుకున్నాను. అదెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మాత్రలు ఏం చేస్తున్నాయో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

నెల తిరిగాక మళ్ళీ అదే గది, అదే పరుపు. "ఇక మీరు కానివ్వండమ్మా" అంది డాక్టరమ్మ. నాకు ఒక్క మాటా తోచలేదు. ఇప్పుడు పడ్డాడంటే నౌకరీ లేనట్టే. చివరికి ఉక్రోషమొచ్చింది.

"ఏం జెప్పాలె నీకు? నెల రోజులు నేను నోరు మూసుకుంటే, కోడలికి దయ్యం పట్టిందని మీ అవ్వ గిదో, తాయెత్తు కట్టించింది!" అని జబ్బ చూపించాను.

ఆయన నవ్వాడు. నోరంతా తెరిచి, గది దద్దరిల్లేలా నవ్వాడు. మోకాళ్ళు ఒక్కసారి వణికాయి. నేను ఉరికి వెళ్ళి నడుం చుట్టూ పట్టుకున్నాను. ఆయన పడలేదు. నిలబడే నవ్వుతున్నాడు, ఆ నవ్వు నా చెవికి తగులుతోంది.

"ఇడువే, డాక్టరమ్మ చూస్తున్నది" అన్నాడు.

"చూడనియ్యి" అన్నాను. వదల్లేదు.