జనాజా బాబాయి

షెహాతా టాక్సీ అద్దం తుడుస్తూ, అధికారి ముందు చెప్పాల్సింది మళ్ళీ వల్లించుకున్నాడు. అలెగ్జాండ్రియా వీధుల్లో ఏళ్ల తరబడి స్టీరింగు తిప్పి తిప్పి అతని కుడిభుజం కిందికి జారింది. పొట్ట మాత్రం ముందుకు జరిగింది. సముద్రపు రోడ్డులో ఆపకూడని చోట బండి ఆపి ఆపదలో పడ్డాడు. ఇవాళ చలానా కొట్టేయించుకోకపోతే లైసెన్సు ఆరు నెలలు ఆఫీసు బీరువాలో నిద్రపోతుంది. టాక్సీ నడపడం కాక అతనికి చేతనైన విద్య టీ తాగడం ఒక్కటే.

ట్రాఫిక్ ఆఫీసు గుమ్మంలో అర్జీలు రాసే ఫతూహ్ చెవిలో ఊదాడు.

"నువ్వు మోసిన ఆ చనిపోయినాయన నీ చుట్టమని చెప్పు బాబాయ్. ఇంట్లో చావుకైతే వదిలేస్తారు."

లోపల అధికారి తలెత్తలేదు. "ఎందుకాపావయ్యా?"

"సందులోంచి జనాజా వచ్చింది సార్. శవాన్ని మోసేవాళ్లు నలుగురే. అందులో ఒకాయన మరీ పొట్టి. ఓ పక్కకి ఒరిగిపోతుంటే చూస్తూ ఎలా పోను? దిగి భుజం పట్టా."

"భుజం పట్టినవాళ్లంతా బండ్లు రోడ్డు మీదొదిలేస్తే ఊరు కదులుద్దా? ఆయన నీకేమవుతాడు?"

షెహాతా గొంతులో నిజం అడ్డుపడింది. లైసెన్సు దాన్ని కిందికి తోసేసింది.

"బాబాయి సార్."

"పేరు?"

"పుట్టినప్పట్నించీ బాబాయనే పిలిచా సార్. పేరు పెట్టి పిలిస్తే తంతాడు."

అధికారి మీసం కదిలింది. "సంతకం పెట్టు." చలానా మీద ఎర్రగీత పడింది.

సంతకంతో సొంత బాబాయి వచ్చిపడ్డాడు. బయట ఫతూహ్ మిఠాయి అడిగినా షెహాతాకి నవ్వు రాలేదు. బాబాయన్నాక సమాధి దగ్గర ఫాతిహా అయినా చదవొద్దూ? ఆ రోజు నాలుగడుగులు మోసి వెనక్కి వచ్చేశాడు. ఎక్కడ పూడ్చారో తెలియదు. టాక్సీని ఆ సందులోని మసీదుకు తిప్పాడు. ఈసారి ఆపదగ్గ చోటే ఆపాడు.

ఆ రోజు జనాజా గురించి అడిగితే, శవాలకు స్నానం చేయించే ముసలి రిద్వాన్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఆయన కోసమా? హోటల్లో గిన్నెలు కడిగేవాడు. మధ్యాహ్నం వెనకగదిలో కునుకు తీశాడు, లేవలేదు. నావాడంటూ ఒక్కడూ రాలేదు. నువ్వేమవుతావు నాయనా?"

ఇక్కడ కొట్టేయించుకోవలసిన చలానా లేదు. అబద్ధంతో పనీ లేదు.

"కొడుకు వరస," అన్నాడు షెహాతా.

"అల్హందులిల్లా! ఎవరికివ్వాలో తెలీక చస్తున్నా. స్నానానికి ముందు తీశాను. ఒకరి సొత్తు, పారేయకూడదు గదా." చిన్న రుమాలు మూట చేతిలో పెట్టాడు.

షెహాతా దాన్ని ముందుసీటులో పెట్టి విప్పాడు. కట్టుడు పళ్ల సెట్టు. విరిగిన పన్నొకదాన్ని ఎవరో బంకతో అతికించారు. టీ మరకలతో, గులాబీ చిగుళ్లతో, నోరు లేకుండానే అది ఎండలో నోరారా నవ్వుతోంది.