దొంగలు తగ్గిన రాష్ట్రం

నాలుగేళ్లుగా నేనొక చిన్న రాష్ట్రంలో దొంగతనాలు ఎందుకు తగ్గాయో కనిపెడుతున్నాను. పట్నమన్నదే సరిగా లేని, అంతా పల్లెలే ఉన్న రాష్ట్రం. దాని ముఖం నేనెప్పుడూ చూడలేదు. మా క్యాంపస్ లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని, అక్కడి పోలీసులు ఏటేటా అచ్చు వేసిన నివేదికలు పదకొండు చదివాను. దొంగతనాల గీత ఏటా కిందికే దిగింది. పోయిన ఏడాదైతే మూడు జిల్లాల్లో ఒక్కటంటే ఒక్క దొంగతనం లేదు. ఒక్క కోడి కూడా పోలేదట! నమ్మాను. పీహెచ్‌డీ చేసేవాళ్లు అచ్చులో ఉన్నది నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

మా గైడు వెంకటసుబ్బారావు గారు నాకంటే ఎక్కువ నమ్మారు. "ప్రజల్లో విలువలు పెరిగాయమ్మా కరుణా. చదువు, వీధిదీపాలు, భజన మండళ్లు. ఐదో అధ్యాయంలో ఈ మూడూ రావాలి," అన్నారు. ఆ రాష్ట్రం వాళ్లు ఆయన్ని సదస్సుకి పిలిచారు, శాలువా కూడా ఖాయమైంది. నేను భజన మండళ్ల మీద పద్నాలుగు పేజీలు రాశాను. ఎంత సిగ్గులేనిదాన్ని! శుక్రవారం లోపు ఆయన సంతకం పడకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, నాలుగేళ్లూ గంగలో కలుస్తాయి.

బుధవారం మా అమ్మ సమ్మక్క ఊరి నుంచి వచ్చింది. తార్నాక చౌరస్తాలో బస్సు దిగి, నా కోసం చూస్తూ నిలబడింది. బండి మీద ఇద్దరు వచ్చి ఆమె మెడలో గొలుసు గుంజుకుపోయారు. నేను వెళ్లేసరికి మెడ మీద ఎర్రగా వాత తేలి ఉంది, చేతిలో నాకు తెచ్చిన కారప్పూస డబ్బా ఉంది. డబ్బా మాత్రం వదల్లేదు మా అమ్మ.

స్టేషన్‌లో రైటరు బాలస్వామి అంతా ఓపిగ్గా విన్నాడు. ఫిర్యాదు తనే రాసి ముందుకు జరిపాడు. చదివితే, నడుస్తుండగా గొలుసు జారి పడిపోయింది, దొరికితే ఇప్పించగలరు అని ఉంది.

"జారలేదు సార్, గుంజుకపోయిండ్రు. మెడ చూడుండ్రి," అన్నాను.

"దొంగతనం అని రాస్తే కేసయితది మేడమ్. కేసులు పెరిగితే మీటింగుల మా సారును నిలబెడతరు. గిట్ల రాసినా ఎతుకుతం, పరేషాన్ గాకుండ్రి."

నాకు శుక్రవారం గుర్తొచ్చింది. ఈ పంచాయితీ తెగితే వెళ్లి ఐదో అధ్యాయం ప్రింటు తీసుకోవాలి. "సంతకం పెట్టు అమ్మా, పోదాం," అన్నాను.

అమ్మ పెన్ను ముట్టుకోలేదు. "నేనేడ పారేసుకున్న? దొంగను ఇడిసిపెట్టి నన్ను తప్పు జేసినదాన్ని జేస్తరా?" అని నా వైపు తిరిగింది. "దొంగలు తగ్గిండ్రని నువ్వు పెద్ద బుక్కు రాస్తున్నవ్ గద బిడ్డా. ఆడ గిట్ల ఎంతమందితోని సంతకాలు పెట్టిచ్చిండ్రో అడిగినవా?"

నాలుగేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. గైడు అడగలేదు, సెమినార్లలో చప్పట్లు కొట్టినవాళ్లు అడగలేదు, నేనూ అడగలేదు. కాగితం సంతకం లేకుండానే బల్ల మీద ఉండిపోయింది.

శుక్రవారం గైడు గారి గదికి వెళ్లాను. థీసిస్ ఆయన ముందే ఉంది. జరిగిందంతా చెప్పాను. అక్కడ తగ్గింది దొంగతనాలో, వాటిని రాసుకోవడమో తెలియదని, వెళ్లి మనుషుల్ని అడిగి ఐదో అధ్యాయం మళ్లీ రాస్తానని అన్నాను.

"మీ అమ్మగారి మెడ డేటా కాదమ్మా," అంటూ ఆయన పెన్ను మూత తీశారు. "అయినా పెద్దవాళ్లు కదా, ఎక్కడో పారేసుకుని ఉంటారు. జాగ్రత్తగా ఉండమని చెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. పెన్ను కాగితానికి తగిలేలోపు థీసిస్‌ని ఆయన చేతికింది నుంచి లాగేశాను. రిజిస్ట్రేషన్ పోతే పోనీ!

"ఏమిటిది?" అన్నారాయన, పెన్ను గాల్లోనే పట్టుకుని.

"గుంజుకున్న సార్," అన్నాను. "జారి పడిపోయిందని మాత్రం రాసుకోకుండ్రి."