మూడో మెట్టు దగ్గరి గాడి

మా ఆయనకు పాత గిటార్ల పిచ్చి. మాటవరసకు అనే పిచ్చి కాదు, ఇంట్లో బియ్యం బస్తా పెట్టుకోవడానికి చోటు లేనంత పిచ్చి. సూర్యాపేట మార్కెట్ యార్డు ఎదురుగా మాకు ఎరువుల కొట్టు ఉంది. ఆదివారం కొట్టు కట్టేస్తే ఇక మనిషి ఇంట్లో ఉండడు. కోదాడ బస్సో మిర్యాలగూడ బస్సో ఎక్కుతాడు. అక్కడి మైకుసెట్ల దుకాణాల్లో అటకలన్నీ వెతికి, దుమ్ముకొట్టుకుపోయిన గిటారునో, ఎలుకలు వైర్లు కొరికిన వాల్వుల ఆంప్లిఫైయర్‌నో మోసుకుని సాయంత్రానికి దిగుతాడు. తొంభైలు వచ్చేసరికి అందరూ కీబోర్డులకూ ట్రాన్సిస్టర్ సెట్లకూ మారిపోయారు. పాత సామాను అడిగి మరీ కొనుక్కుపోయే మనిషి కనిపిస్తే దుకాణాల వాళ్ళకు పండగే.

పోనీ తెచ్చినవాటిని వాయిస్తాడా అంటే, లేదు. శుభ్రంగా తుడుస్తాడు. గిటారు మెడ వెనక బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి ఒకసారి రుద్దుతాడు. ఆ తర్వాత, పెళ్ళిచూపులకు వెళ్ళి సంబంధం కుదరక తిరిగొచ్చినవాడిలా మొహం పెట్టి దాన్ని గోడకు ఆనిస్తాడు.

“ఇది కూడా కాదా?” అంటాను.

“కాదు,” అంటాడు. అంతే. ఆ వారానికి మా ఇద్దరి కబుర్లు అయిపోయినట్టే.

ఆయన వెతికేది ఏదో నాకు తెలుసు. ఎనభై రెండు, ఎనభై మూడు ప్రాంతంలో కోదాడలో మంగయ్యగారి ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్ళిళ్ళకూ వినాయక చవితి పందిళ్ళకూ మేమే. నేను పాడేదాన్ని, ఈయన గిటారు వాయించేవాడు. మంగయ్యగారి ఎర్రటి గిటారు. నా గొంతు అప్పట్లో బాగా పైన పలికేది. ఆ శృతికి, గిటారు మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్లనే మెట్ల దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు ఒకటి కావాలి. అది హైదరాబాద్ పోతే గాని దొరకదు. అందుకని ఈయన మూడో మెట్టు మీద ఒక పెన్సిలు ముక్క అడ్డంగా పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేవాడు. ట్యూబు మాటిమాటికీ తెగుతోందని చివరికి సన్న ఇనుపతీగతో బిగించాడు. వేరేవాళ్ళ పాటకు విప్పడం, నేను స్టేజీ ఎక్కగానే మళ్ళీ కట్టడం. తల వంచుకుని ఆయన ఆ పెన్సిలు కడుతుంటే నా గుండె దడదడా కొట్టుకునేది. పాట గురించి భయపడి కాదు.

మా పెళ్ళయింది. “మనింటి కోడలు స్టేజీలెక్కి పాడుడేంది?” అన్నది మా అత్తమ్మ శాంతమ్మ. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ అనదలచుకున్నది ఆవిడ అన్నది. ఈయన ఏమీ అనలేదు. నా కోపమంతా ఆ ఏమీ అనకపోవడం మీదే. నేను పాట మానేశాను. ఈయన గిటారు మానేశాడు. మంగయ్యగారు ఆర్కెస్ట్రా ఎత్తేసి సామాను తలా కొంత అమ్మేశారు. అత్తమ్మ పోయి కూడా చాన్నాళ్ళయింది. అయినా “ఒక పాట పాడు అరుంధతీ” అని ఈ మనిషి నోట రాలేదు. ఆ ఒక్క మాట కోసం నేను ఎంతగా కాచుకుని ఉన్నానో గోడకానిన గిటార్లకు తెలుసు, ఈయనకు తెలియదు. ఈయనకు ఆ చెక్క కావాలి, నేను అక్కర్లేదు అనుకుని ఏడ్చిన రోజులున్నాయి.

తొంభై నాలుగులో దసరా వెళ్ళిన తర్వాత, పెన్‌పహాడ్ దగ్గరి తండాలో లచ్చిరాం అనే అతను తన పాత మైకుసెట్ అమ్ముతున్నాడని తెలిసింది. మంగయ్యగారి సామానులో కొంత అతనే కొన్నాడట. ఆ ఆదివారం నేనూ చీర మార్చుకుని బయల్దేరాను.

“నువ్వెందుకు?” అన్నాడు మా ఆయన.

“నా సవతిని నేనూ ఒకసారి చూడొద్దా?” అన్నాను.

లచ్చిరాం వాకిట్లో మంచం వాల్చాడు. అతని భార్య గౌరీబాయి లోపలికి వెళ్ళి, అద్దాలు కుట్టిన పెద్ద గుడ్డసంచి తెచ్చి, అందులోంచి గిటారు తీసింది. ఆకుపచ్చ గిటారు. ఇనుప సామానుకు వేసే నిగనిగలాడే రంగు, దాని మీద పసుపూ కుంకుమా బొట్లు.

మా ఆయన మొహం వాడిపోయింది. “మనది ఎర్రది,” అన్నాడు లేస్తూ.

“దసరాకు ట్రాలీకి రంగేస్తిమి సార్. మిగిలింది దీనికేసినం,” అన్నాడు లచ్చిరాం. “నాగలికి, ట్రాలీకి పూజ చేసి దీన్ని ఉట్టిగ వదిలిపెడ్తమా? గిది గూడ పనిముట్టే గద! మొన్నటిదాక నీలం ఉండె.”

ఈయన వింటేనా! అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఇంత ఎండలో ఇంత దూరం వచ్చి, రంగు చూసి తిరిగిపోతాడా? నాకు ఒళ్ళు మండింది. గిటారు తీసి ఆయన చేతుల్లో పెట్టాను. “అన్నిటి మెడలూ తడిమారు కదా, దీన్ని కూడా తడమండి. ఆ ముచ్చటా తీరిపోతుంది.”

బొటనవేలు మెడ వెనక జారింది. మూడో మెట్టు దగ్గర ఆగింది. నలుగురిలో ఏనాడూ నా పక్కన కూడా కూర్చోని మనిషి, నా చెయ్యి పట్టుకుని నా వేలు అక్కడ పెట్టాడు. రంగు పొరల కింద సన్నటి గాడి. ఇనుపతీగ కోసిన గాడి.

“ఇది నీ శృతి,” అన్నాడు. “నీకోసం కట్టి కట్టి పడ్డ గాడి. ఇన్నేండ్ల సంది దీన్నే దేవులాడుతున్న.”

“నన్ను వెతికితే దొరికేదాన్ని కదా!” నా గొంతు లేచింది. “ఇంట్లోనే ఉన్నాను. ఒక్కసారి పాడమని అడగలేకపోయారా?”

“అమ్మ వద్దన్ననాడు నోరు తెర్వలే. ఇగ ఏ మొఖం పెట్టుకోని అడగాలె? గిది దొరికితే చేతుల పట్టుకోని అడుగుదమనుకున్న.”

“దొరికింది కదా. అడగండి.”

ఆయన కళ్ళెత్తి నావైపు చూశాడు. “పాడు, అరుంధతీ.”

లచ్చిరాం ఇబ్బందిగా దగ్గాడు. “జర ఆగున్రి. మైకుల మాట్లాడి సూడకుండ ఎవ్వరు కొనరు. పెట్టె వేడెక్కనియ్యాలె,” అంటూ ఆంప్లిఫైయర్ స్విచ్ వేశాడు. వెనక జాలీలోంచి వాల్వులు మెల్లగా ఎర్రబడటం కనిపించింది. మా ఆయన చొక్కా జేబులోంచి పెన్సిలు ముక్క తీశాడు. కొట్లో లెక్కలకు వాడతాడనుకునేదాన్ని. కొట్లో పెన్నుతోనే రాస్తాడని అప్పుడు గుర్తొచ్చింది. గౌరీబాయి తన కుట్టుదారం తెంపి ఇచ్చింది. సరిగ్గా ఆ గాడిలో దారం పడేలా కట్టి, మీటాడు.

నేను మైకు అందుకుని పాట ఎత్తుకున్నాను. పల్లవి రెండో వరుసలోనే గొంతు పైకి అందక విరిగిపోయింది. ఇంటి మీది లౌడ్‌స్పీకర్ ఆ సంగతి తండా అంతటికీ చెప్పింది. ఇన్నేళ్ళు వాడకుండా దాచిపెట్టిన గొంతు అలాగే ఉంటుందని ఎలా అనుకున్నానో! ఏడుపు ఆగలేదు.

“నేను అక్కడ లేనండీ,” అన్నాను మూడో మెట్టు చూపిస్తూ.

ఆయన ఏమీ అనలేదు. మళ్ళీ అదే మౌనమా అని నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆయన తల వంచుకుని దారం ముడి విప్పుతున్నాడు. ఇన్నేళ్ళు వెతికి పట్టుకున్న ఆ గాడిని వదిలేసి, పెన్సిలును రెండో మెట్టుకు జరిపి, శృతి తగ్గించి మీటాడు.

“ఈడనా?”

సన్నగా రాగం తీసి చూశాను. “ఇంకా కిందికి.”

మొదటి మెట్టు దగ్గర, ఏ తీగా కోయని నున్నటి చోట, దారం చుట్టి బిగించాడు. మళ్ళీ మీటాడు.

“ఈడనా?”

“ఆ,” అన్నాను. “ఇక్కడున్నాను.”