ఉప్పు చూడని కోడిసూపు

ఈజిప్టులోని మిన్యాలో మా పేట చర్చివాళ్ళు పేదల్ని పేదలనరు, "ప్రభువు సోదరులు" అంటారు. మాట ఎంత బాగుందో! ఆ సోదరుల్లో ఎవరికి సాయం అందాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే పని మాత్రం తాసోని ఇవోన్‌ది. తాసోని అంటే అక్కయ్య. చర్చి సేవలో ఉన్న ఆడవాళ్ళందర్నీ మేం అలాగే పిలుస్తాం. బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన ఇవోన్, సెలవురోజైన శుక్రవారం పూజ కాగానే చేతిసంచి తగిలించుకుని సోదరుల ఇళ్ళు చూడ్డానికి బయలుదేరేది.

ఆవిడకో నియమం ఉంది. ఎవరినీ ఏమీ అడగదు. అడిగితే లేనివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఆవిడ భయం. టీ తాగి, పిల్లల్ని ముద్దు చేసి, చూడాల్సింది కళ్ళతో చూసి, పట్టాల్సింది ముక్కుతో పట్టి వచ్చేస్తుంది. ఆ ముక్కు దేవుడిచ్చిన వరమని చర్చిలో అందరూ అనేవాళ్ళు. పొగడ్త ఎవరికి చేదు? ఆవిడా నమ్మేసింది.

ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసాలు నడుస్తుండగా ఒక శుక్రవారం ఫైకా ఇంటికి వెళ్ళింది. ఫైకా భర్త రాతి గనిలో పోయాడు. మేడ మీద ఒంటిగదిలో తల్లీకూతుళ్ళుంటారు. చర్చి నెలనెలా ఇచ్చేదాంతోనే కూతురు మార్తీనా నర్సింగ్ బడిలో ఆఖరి ఏడాది చదువుతోంది. చర్చిలో చిన్నపిల్లలకి కీర్తనలు నేర్పేది కూడా ఆ పిల్లే. ఇవోన్‌కి ముద్దుల శిష్యురాలు.

సగం మెట్లెక్కేసరికి కోడిసూపు వాసన గుప్పుమంది. ఏలకులూ ఉల్లిపాయా వేసి మరిగించిన సూపు. మాంసం, పాలు, గుడ్డు ఏదీ ముట్టకూడని రోజులవి. ఊళ్ళో క్రైస్తవులంతా చిక్కుడుగింజలతో, పప్పుతో నెట్టుకొస్తుంటే ఇక్కడ కోడి ఉడుకుతోంది. లోపల స్టవ్ మీద మూత పెట్టిన గిన్నె కనిపించింది. ఇవోన్ ఆ మూత వంక ఒకసారి చూసింది. టీ తాగి, నవ్వి, వచ్చేసింది.

"ఫైకాకి ఇక అక్కర్లేదు అబూనా" అని ఆ సాయంత్రం ఫాదరుగారితో చెప్పింది. "ఉపవాసాల్లో కోడి వండుకుంటోంది."

"అడిగావా అమ్మా?"

"అడగడమెందుకు, వాసన మెట్ల మీదికే వచ్చింది. ఆ ఇంట్లో ఉపవాసమూ లేదు, లేమీ లేదు. ఆవిడ వెనక ఎంతమంది కాచుకుని ఉన్నారో మీకు తెలీదా?"

ఫాదరుగారు గడ్డం నిమురుకున్నారు. అంత పేరున్న ముక్కుని కాదనడానికి ఆయనకి నోరు రాలేదు. సాయం ఆగిపోయింది. పండక్కిచ్చే మాంసం కూడా వేరే ఇంటికి వెళ్ళింది.

ఫైకా అడగడానికి రాలేదు. తప్పు చేసింది కాబట్టే మొహం చూపించలేకపోతోందని ఇవోన్ అనుకుంది. వేసవిలో మార్తీనా చర్చికి రావడం మానేసింది. చదువు ఆపించి కైరోలో ఎవరింట్లోనో పనికి పెట్టారని తెలిసింది. "తల్లికి కోళ్ళు కావాలి, కూతురికి పాచిపని" అంది ఇవోన్ నలుగురిలో. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది ఆవిడకి.

చలికాలం మొదట్లో రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉంటే, చంకలో పిల్లాడితో ఒక ముసల్మాను అమ్మాయి పలకరించింది.

"మీరు చర్చి మేడం కదూ? మా మేడ మీదికి, ఫైకా దగ్గరికి వచ్చారొకసారి. నేను రషీదాని, వాళ్ళ కింద వాటాలో ఉంటాను."

"పిల్లాడు బొద్దుగా ఉన్నాడే" అంది ఇవోన్ మాట కలపడానికి.

"ఎందుకుండడు? ఫైకా చేతి సూపు తాగితే నాకు పడ్డ పాలు మరి. వీడు ఆపరేషన్ చేస్తే పుట్టాడు. నాకు అమ్మ లేదు, మా ఆయన లిబియాలో. కోడి నేను తెప్పిస్తే రోజూ పైన వండి కిందికి తెచ్చి తాగించేది." రషీదా నవ్వింది. "ఉప్పు మాత్రం ఒక్కనాడూ కుదర్లేదు. ఒకరోజు సముద్రం, ఒకరోజు చప్పిడి. చూసి వెయ్యొచ్చుగా అంటే, ఉపవాసంలో ఉన్నాను, నాలిక మీద ఎలా వేసుకోను అనేది."

ఇవోన్ వరసలోంచి పక్కకి వచ్చేసింది. రొట్టెలు తీసుకోలేదు. తిన్నగా ఆ మెట్లే ఎక్కింది. ఈసారి ఏ వాసనా లేదు. ఫైకా గుమ్మంలో కూర్చుని మెంతికూర ఏరుతోంది. లేచి, ఎప్పట్లాగే టీకి నీళ్ళు పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు ఫైకా? ఆ కోడి సంగతి?"

ఫైకా కాసేపు ఆలోచించింది. ఏ కోడి అన్నది తేల్చుకోవడానికే ఆమెకంత సేపు పట్టింది.

"మీరు అడగలేదు కదా తాసోని."

"సాయం ఆపేసినప్పుడైనా వచ్చి నాలుగు తిట్టి ఉండాల్సింది."

"ఎందుకు తిట్టడం? నాకన్నా లేనివాళ్ళెవరో వచ్చి ఉంటారు, వాళ్ళకిచ్చారనుకున్నాను."

ఇవోన్‌కి దుఃఖం ఆగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ మనిషి అడగలేదు. తనూ అడగలేదు. తను అడక్కపోవడాన్నే మర్యాద అనుకుని మురిసిపోయింది.

"మార్తీనాని పిలిపించు. చదువు నేను చూసుకుంటాను."

"పిలిచానండీ. రానంది. తోటివాళ్ళంతా ఆస్పత్రుల్లో నర్సులుగా చేరిపోయారు, చిన్నపిల్లల మధ్య మళ్ళీ కూర్చోలేనంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఇవోన్ కళ్ళు తుడుచుకుంది.

"పోనీ, అది పనిచేసే ఇల్లు మంచిదేనా?"

"మంచిదే తాసోని. మనవాళ్ళే. ఆవిడ కూడా మీలాగే చర్చి సేవలో ఉందట. శుక్రవారం పొద్దున్నే పూజకి వెళ్ళి, అట్నుంచటే ప్రభువు సోదరుల ఇళ్ళు చూసుకుని సాయంత్రానికి వస్తుందట. అందాకా వాళ్ళ పసిపిల్ల మార్తీనా దగ్గరే. అందుకని దానికి మాత్రం చర్చి కుదరట్లేదు."

"ఆ మాట ఆవిడతో చెప్పొచ్చుగా?"

ఫైకా టీ గ్లాసు ఇవోన్ చేతికిచ్చింది.

"ఆవిడ అడగలేదట తాసోని."