కాకుల పరామర్శ

అంబదాస్ పోయిన పదో రోజు పొద్దున మానేరు వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఏవి ఇష్టమో అవే వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడడం అక్కడి ఆనవాయితీ. అతని భార్య బాలలక్ష్మి మూడే వండింది: పచ్చిపులుసు, పెసరగారెలు, బెల్లం పోసిన సేమియా. విస్తరి సర్ది లేవబోతుండగా ఉపేందర్‌రావు గుమాస్తా వెంకటి సైకిలు దిగి వచ్చి, సంచిలోంచి ఒక బ్రాందీ సీసా తీసి గారెల పక్కన నిలబెట్టాడు.

"దొర పంపిండు. పాపం, అంబదాస్‌కు ఇష్టం గదా," అన్నాడు.

అక్కడ నలభై మంది ఉన్నారు. అందరూ ఒకే వాడవాళ్ళు, ఉపేందర్‌రావు సాంచెల మీద, అంటే ఆయన కరెంటు మగ్గాల మీద, బతికేవాళ్ళు. అంబదాస్ చుక్క ముట్టడని ఆ నలభై మందికీ తెలుసు. పెళ్ళిళ్ళలో ఎవరైనా కల్లు పోస్తే వద్దనడం మర్యాద కాదని గ్లాసు అందుకునేవాడు, మరు నిమిషం పక్కనున్న కైలాసం చేతిలో పెట్టేసేవాడు. ఆ కైలాసమూ అక్కడే నిలబడి కాలి బొటనవేలితో ఇసుక గీరుతున్నాడు. ఒక్కరూ ఆ సీసా తియ్యమనలేదు. కాకి చాలాసేపటికి వచ్చింది, ఒక గారె ముక్కున కరుచుకుని పోయింది. సీసా అట్లాగే ఎండలో మెరుస్తూ నిలబడింది.

బాలలక్ష్మి ఏడవలేదు. ఎవరెవరు ఎటు చూస్తున్నారో మాత్రం ఒక్కొక్కరినే చూసి పెట్టుకుంది.

సీసా ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు. మోటారు దగ్గర వైరు పైతొడుగు ఊడిపోయి రాగి బయటికి వచ్చిందని అంబదాస్ రెండు నెలల నుంచి చెబుతూనే ఉన్నాడు. "సూద్దాం తీ," అంటూ ఉపేందర్‌రావు వాయిదా వేశాడు. వాన కురిసిన రోజు షెడ్డులోకి నీళ్ళు వచ్చాయి. తడి నేల మీద నిలబడి మోటారు ఆపబోయిన అంబదాస్ ఆ చెయ్యి మళ్ళీ వెనక్కి తీసుకోలేదు. పంచనామా కాగితంలో మాత్రం "మద్యం మత్తులో తూలి మోటారుపై పడి" అని ఉంది. చూసిన సాక్షిగా కింద కైలాసం సంతకం. వైరు వల్ల పోయాడంటే తప్పు దొరది అవుతుంది. తాగి పోయాడంటే పోయినవాడిది. సీసా పంపి దొర ఆ కాగితానికి మానేరు ఒడ్డున మరో ముద్ర వేశాడు.

బాలలక్ష్మి పుట్టిల్లు చెన్నూరు. కథ చెప్పిందంటే పక్క వాడవాళ్ళు కూడా పీటలు తెచ్చుకుని కూర్చునేవారు. అలాంటిది ఐదు నెలలు ఆమె నోట కథ రాలేదు. అదే షెడ్డులో, అదే మోటారుకు పది అడుగుల దూరంలో కూర్చుని కండెలకు నూలు చుట్టేది. వైరుకు ఇప్పుడు ఒక గుడ్డపేలిక చుట్టి ఉంది, అంతే. దుఃఖంతో మాట పడిపోయిందని వాడలో జాలిపడ్డారు. అది దుఃఖం ఒక్కటే కాదు. పళ్ళ బిగువున పట్టిన కోపం. నోరు తెరిస్తే తిట్లే వస్తాయి. తిట్టిన ఆడదాన్ని పిచ్చిదని పక్కకు నెట్టేస్తారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఎండాకాలం వచ్చింది. పన్నెండు నుంచి నాలుగు దాకా కరెంటు కోత. ఇరవై నాలుగు సాంచెలు ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఆ నిశ్శబ్దమే చెవుల్లో రొద పెట్టేది. అందరూ షెడ్డు గోడ నీడన చేరి కాళ్ళు చాపుకునేవారు.

"బిడ్డా, ఒక్క కత చెప్పరాదూ. ఊకె కూసుంటె పానం కొట్టుకుంటున్నది," అంది కండెలు చుట్టే ముసలి కొమురవ్వ.

బాలలక్ష్మి గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్న కైలాసం వైపు ఒకసారి చూసింది.

"ఒక కాకి ఉండె," అంది.

ఐదు నెలల తర్వాత వినబడిన ఆ గొంతుకు అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"దానికి వాగు ఒడ్డున నౌకరి. పొద్దుగాల్నే లేసి డ్యూటీకి పోవాలె. ఆకు మీద ఏమున్నదో సూస్తె చాలు, సచ్చినోళ్ళెవరో చెప్తది. బచ్చలికూర ఉంటె పంతులమ్మ. బోటికూర ఉంటె సర్పంచి బామ్మర్ది. ఒకనాడు పోయి సూస్తె గారెల పక్కన సీస ఉన్నది. కాకి పరేషానయ్యింది. 'గింత బతుకు బతికిన, ఎంగిలి తినమంటె తిన్న గని, తాగమన్నోడు ఇప్పటిదాంక లేడు. అయినా గీ మూత నేనెట్ల తియ్యాలె?' అని కులపోళ్ళందర్ని పిలిచింది."

ఎవరూ నవ్వలేదు. పది జతల కళ్ళు దొర కూర్చునే గది కిటికీ వైపు పోయి వచ్చాయి.

"పెద్దకాకి ఒచ్చి కూసున్నది. 'సచ్చినోడు ఎవడు?' అన్నది. 'సాంచెలు నడిపేటోడు' అన్నయి. 'తాగేటోడా?' 'వాసన గూడ సూడనోడు.' పెద్దకాకి జరసేపు మెడ అటు ఇటు తిప్పి, 'అరే మంద బుద్ధులాల! ఎవరికి ఇష్టమైంది వాళ్ళకు పెడ్తరు గద. సీస ఎవరికి ఇష్టమో, సచ్చిపోయింది ఆయనే. లెవ్వుండ్రి, దొరింటికి పరామర్శకు పోదాం' అన్నది."

ముందు కొమురవ్వ నవ్వింది. పళ్ళు లేని నోరు కొంగుతో మూసుకున్నా భుజాలు ఆగలేదు. ఆమెను చూసి పక్కామె, ఆ పక్కామెను చూసి మగవాళ్ళు. చివరికి అటుగా వచ్చిన గుమాస్తా వెంకటి కూడా సంగతేమిటని అడిగి, విని, అటు తిరిగి దగ్గినట్టు నవ్వాడు. ఐదు నెలలుగా ఆ వాడలో ఎవరూ ఎత్తని మాట అది. అంబదాస్ వాసన కూడా చూడనివాడని ఆమె చెబితే, అంతమంది నవ్వి ఒప్పుకున్నారు.

మర్నాడు పన్నెండు ఎప్పుడవుతుందా అని అందరూ ఎదురు చూశారు.

"దొర వాకిట్ల పండ్లు తోముకుంటున్నడు. కాకులన్ని గోడ మీద వరుసగ కూసోని ఒక్కటే శోకం. 'అయ్యో దొరా, గింత జల్ది పోతివా, ఇగ మాకు సీసలెవరు పంపుతరు!' దొర నోట్లె పుల్ల తీసి, 'నేను సావలే, బతికే ఉన్న' అన్నడు. పెద్దకాకి తల ఊపింది. 'సచ్చినోళ్ళందరు మొదట గట్లనే అంటరు బిడ్డా, మెల్లగ అలవాటయితది.'"

కైలాసం బీడీ పడేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. బాలలక్ష్మి ఆ నవ్వు ఆగేదాకా ఓపికపట్టింది.

"దొరకు కోపమొచ్చింది. 'బతికున్నట్టు సాక్ష్యం చూపెడ్త' అని తన ఇంటి కోడిపుంజును పిలిచిండు. 'చెప్పురా, నేను సచ్చిన్నా, బతికిన్నా?' పుంజు దొర మొకం సూసింది, దొర చేతిల గింజలు సూసింది. 'ఎవరు గింజలేస్తె వాళ్ళు బతికున్నట్టు. ఎవరు ఎయ్యకపోతె వాళ్ళు తాగి సచ్చినట్టు. ముద్దర ఏడ గుద్దాలె దొరా?' అని కాలు లేపింది."

అందరూ పడీపడీ నవ్వారు. కైలాసం నోరు సగం తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేదు. నవ్వుతూనే ఒకరి తర్వాత ఒకరు అటు తిరిగి చూశారు. అతను లేచి, మంచినీళ్ళకని పోయి, కరెంటు వచ్చేదాకా రాలేదు. బాలలక్ష్మి ఆ పూట ఇంటికి వెళ్ళి కడుపునిండా అన్నం తిన్నది.

కథ వాడ దాటింది. చాయ్ హోటల్లో చెప్పుకున్నారు, బస్టాండులో చెప్పుకున్నారు. ఉపేందర్‌రావు ఊళ్ళో పొలాలు వదిలి పట్నంలో సాంచెలు పెట్టింది పెద్దమనిషిగా బతుకుదామని. ఇప్పుడు ఎవరు ఎదురుపడినా రెండు చేతులు జోడించి, "పానం మంచిగున్నదా దొరా?" అని అవసరానికి మించిన మర్యాదతో అడుగుతున్నారు. మంగలి గడ్డం గీస్తూ మణికట్టు పట్టి నాడి చూశాడట. ఒక పొద్దున ఆయన ప్రహరీ గోడ మీద విస్తరి వేసి ఉంది. అందులో అన్నం, గారెలు, ఒక ఖాళీ సీసా. చుట్టూ నిజం కాకులు. ఆయన భార్య సరళాదేవి అది చూసి గుమ్మంలోనే కూలబడింది. ఆ మధ్యాహ్నమే వేములవాడకు పోయి రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కు చెల్లించింది.

విస్తరి ఎవరు పెట్టారో బాలలక్ష్మికి తెలియదు. కొమురవ్వ చేతులకు పెసరపిండి వాసన వస్తోంది. అడగలేదు.

మర్నాడు పన్నెండు దాటగానే ఉపేందర్‌రావు తనే షెడ్డు దగ్గరికి వచ్చాడు. వెనకే వెంకటి కుర్చీ మోసుకొచ్చాడు. దొర కూర్చోలేదు.

"ఏమే బాలలక్ష్మీ, బాగా నవ్విస్తున్నవట?"

"నవ్వొస్తె నవ్వుతుండ్రు దొరా. నేనేం కితకితలు పెడ్తలేను."

"నా ఇంటి ఆడమనిషి అన్నం మానేసింది. గీ కాకుల ముచ్చట బందు చెయ్యి. నీకేం గావాలె చెప్పు, ఇస్త."

"నాకేం వద్దు. నా పెనిమిటి తాగి సచ్చిండా, మీ వైరుకు సచ్చిండా, గీడ అందరి ముంగట చెప్పుండ్రి. గంతే."

"రేపటి సంది నువ్వు పనిలకు రాకు."

"సరే. కాకి కతకు మీ షెడ్డే ఉండాల్నా ఏంది? బస్టాండుల చెప్పుకుంట."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఉపేందర్‌రావు ముఖం ఎర్రబడింది. అక్కడే పచార్లు చేశాడు, గదిలోకి పోయాడు, మళ్ళీ వచ్చాడు. నాలుగింటికి కరెంటు వచ్చింది. షెడ్డులో బల్బులు వెలిగాయి.

"లెవ్వుండ్రి, పనిలకు నడువుండ్రి," అన్నాడు.

ఎవరూ లేవలేదు. ముందుగా అనుకున్నదేం కాదు. కొమురవ్వ కాళ్ళు ఇంకా చాపుకుంది. ఆమెను దాటిపోవడం ఇష్టం లేనట్టు పక్కవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు. ఒక్కరే అయితే భయపడేవారు. పది రోజులుగా కలిసి నవ్వినవాళ్ళకు కలిసి కూర్చోవడం కష్టమనిపించలేదు.

"కైలాసం, నువ్వు చెప్పురా," అన్నాడు దొర. "నువ్వు సూసినోనివి గద."

కైలాసం లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీరు చెప్పుమన్నది చెప్పిన దొరా. నాకు నలుగురు పిల్లలు, భయమయ్యింది. అంబదాసన్న తాగలే. పెండ్లిళ్ళ ఆయన గిలాస గూడ నేనే తాగేది. ఆయన మోటరు బందు చెయ్యబోయి సచ్చిండు." తర్వాత బాలలక్ష్మి వైపు తిరిగాడు. "వదినె, నన్ను మాఫ్ చెయ్యి."

"ముందుగాల గా కాగితం మార్పిచ్చుకరా. తర్వాత సూద్దాం," అంది బాలలక్ష్మి. ఆమె ముఖంలో ఒక గీత కూడా సడలలేదు.

ఇక అందరి చూపూ ఉపేందర్‌రావు మీదికి మళ్ళింది. ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నేలను చూస్తూ ఏదో అన్నాడు.

"వినవడలే దొరా," అంది బాలలక్ష్మి.

"తాగలేదంటున్న గద!"

"ఎవరు తాగలే?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"అంబదాస్ తాగలేదు."

"మరి ఎట్ల సచ్చిండు?" ఈసారి కొమురవ్వ.

"వైరు... వైరు పాడయ్యి."

"ఎవరి వైరు అవ్వా?" అని ఒకడు కొమురవ్వనే అడిగాడు, ఆమెకే తెలిసినట్టు.

"నా వైరు! నా వైరు పాడయ్యి అంబదాస్ సచ్చిండు! ఆయన తాగలేదు! ఇగ అయ్యిందా?" ఉపేందర్‌రావు అరిచాడు. అరుపు రేకుల కప్పుకు తగిలి వాడంతా వినిపించింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంకటి తల వంచుకున్నాడు. బాలలక్ష్మి లేచి, కొంగు దులుపుకుని, వెంకటి తెచ్చిన కుర్చీని నీడలోకి లాగి దొర దగ్గర వేసింది. ఇక ఆమె శాంతించిందని అందరూ అనుకున్నారు. ఉపేందర్‌రావు కూడా అట్లాగే అనుకున్నాడేమో, ఊపిరి పీల్చుకున్నాడు.

"గీళ్ళంత పొద్దటి షిఫ్టోళ్ళు దొరా," అంది ఆమె, ఎంతో మర్యాదగా. "రెండో షిఫ్టోళ్ళు ఆరింటికి వస్తరు. వాళ్ళు ఇన్లే గద. జర కూసోండ్రి."

ఉపేందర్‌రావు చుట్టూ చూశాడు. దారి ఇవ్వడానికి ఎవరూ కదల్లేదు. కుర్చీలో కూర్చున్నాడు.

బాలలక్ష్మి తన చోటికి పోయి, నూలు కొస వెతికి పట్టుకుని, కండె చుట్టడం మొదలుపెట్టింది. ఆరింటికి ఇంకా గంటన్నర ఉంది.