మూడో అంకంలో దగ్గు

ముందు మా నాటకాల తెర సంగతి చెప్పాలి. లారీల మీద కప్పే పాత టార్పాలిన్లు పన్నెండు కలిపి కుట్టాం దాన్ని. ముప్ఫై ఏళ్లు దాని తాడు లాగీ లాగీ నా కుడిచెయ్యి ఎడంచేతికంటే జానెడు పొడుగైంది. నమ్మకపోతే మా అక్కనడగండి, నా చొక్కాలకి కుడివైపు అతుకేసి పెంచేది ఆవిడే. ఒకేడు పెద్ద గాలొచ్చి తెర పైకి లేస్తే, తాడుతో పాటు నేనూ లేచి గోడౌన్ రేకుల దాకా వెళ్లా. అక్కడ పావురం గుడ్లు పెట్టి ఉంది. లెక్కపెట్టుకుని మరీ దిగా. నాలుగు.

నేను సైకిళ్లు బాగుచేస్తా. అక్షరమ్ముక్క రాదు. మా నాటకాల జట్టులో అందరికీ పొద్దంతా ఏదో ఒక పని, ఏడాదికి ఒక్క ఆదివారం సాయంత్రం మాత్రం రాజులం, మంత్రులం. కటింగ్ షాపాయన రాజు. ఆయన దగ్గర గెడ్డం గీయించుకునేవాళ్లు కూడా "రాజుగారూ, చెవి జాగ్రత్త" అంటారు. ఆస్పత్రిలో సూదులేసే నర్సమ్మ రాణి. కిరీటం నేనే చేశా, పిల్లల సైకిల్ రిమ్ముతో. ఆడేది సిమెంటు గోడౌన్లో, బస్తాలు ఓ పక్కకి జరిపి.

నాటకం రాసింది మా బావ. అంటే మా అక్క మొగుడు. కోర్టు మెట్ల పక్కన టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాడు. తమ్ముణ్ణి కోటలోంచి గెంటేసిన రాజు, వాడు ఎప్పుడొస్తాడో అని భయపడుతూ బతకడం, అదీ కథ. ముప్ఫై ఏళ్లుగా అదే నాటకం, అదే కాపీ. ఒక్కటే కాపీ.

"ఇంకోటి కొట్టి పెట్టు బావా" అంటే, "ఎందుకురా బామ్మర్దీ, నేనున్నాగా" అనేవాడు.

ఉన్నాడు కాబట్టే ఎవ్వరూ మాటలు నేర్చుకోలేదు. పక్కతెర వెనక స్టూలు మీద కూర్చుని బావ ఒక మాట మెల్లగా అందిస్తాడు, స్టేజీ మీదవాళ్లు దాన్ని గట్టిగా అంటారు. పక్కనే తాడు పట్టుకుని నేను. బావ ఏమందిస్తే అదే, ఆలోచించేది లేదు. ఒకసారి రాజుగారు సింహాసనం మీద ఉండగా బావ మెడ మీద చరుచుకుని "అబ్బ, దోమ!" అన్నాడు. రాజుగారు చెయ్యెత్తి గర్జించాడు, "అబ్బ, దోమ!" నర్సమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "దోమలున్న కోటలో నేనుండలేను ప్రభూ!" అని వెళ్లిపోయింది. జనం చప్పట్లకి రేకుల మీది పావురాలు పక్క ఊరికి మకాం మార్చేశాయి.

దగ్గు కూడా అలాగే మొదలైంది.

మూడో అంకంలో రాజు ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఒకేడు సరిగ్గా అక్కడ బావకి దగ్గు తెర వచ్చింది. రాజుగారు ఉలిక్కిపడి, పక్కతెర వైపు తిరిగి, "ఎవరక్కడ?" అన్నాడు. అది కాపీలో లేదు. కానీ గోడౌన్ గోడౌనంతా ముందుకి వంగింది. తమ్ముడే వచ్చి గోడ వెనక నిలబడ్డాడనుకున్నారు జనం. మర్నాడు సైకిలు తెచ్చిన ప్రతివాడూ, "ఆ దగ్గు ఎవరిదో గానీ అదరగొట్టాడయ్యా" అనడమే.

తర్వాతేడు రాజుగారు బావని అడిగాడు, "మాస్టారూ, ఆ దగ్గు మళ్లీ అక్కడే పడాలి. మర్చిపోరుగా?"

"నేను దగ్గక్కర్లేదయ్యా, దానంతట అదే వస్తుంది" అని నవ్వాడు బావ.

మేమూ నవ్వాం. వచ్చింది. మూడో ఏడూ వచ్చింది, ఇంకాస్త లోతుగా. "ఎంత బాగా ముదిరిందో!" అన్నాం. అదే మాట అన్నాం. సిమెంటు దుమ్ములే అని బావ అంటే, ఔను దుమ్మే అన్నాం. దగ్గు రావాలి, రాజు తిరగాలి, నేను తాడు చేతికి చుట్టుకోవాలి. మాకు అది గుర్తు అయిపోయింది, రైలుకి పచ్చజెండాలాగా.

గొంతులో గడ్డ అని తేలింది. మాటపెట్టె మొత్తం తీసేశారు. మెడ దగ్గర చిన్న కన్నం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచే.

ఆస్పత్రి వరండాలో నర్సమ్మ నా పక్కన బెంచీ మీద కూలబడింది. "రోజుకి వంద దగ్గులు వింటానురా. ఇక్కడ విని ఉంటే పట్టేసేదాన్ని. అక్కడ రాణినై కూర్చున్నా."

మా అక్క నన్ను వదిలిపెట్టలేదు. "ముప్ఫై ఏళ్లు ఆ దుమ్ములో కూర్చోబెట్టారు. ఏమొరిగిందిరా? ఒక్కడైనా ఆయన మొహం చూశాడా? తెర వెనక మనిషి! ఉన్న గొంతు కాస్తా మీకే పోసేసి, నాకు ఖాళీ మనిషిని పంపారు."

నేను కోతలు కోసేవాణ్ణే. ఆ రోజు నోట్లోంచి ఒక్క కోతా రాలేదు.

అప్పట్నుంచీ బావ చీటీలు రాసేవాడు. నాకా చదువు రాదు, అక్క చదివి చెప్పాలి. బావ రెండు ముక్కలు రాస్తే అక్క పది ముక్కలు చదివేది. అందులో బావవెన్నో అక్కవెన్నో మీరే తేల్చుకోవాలి. 'మంచినీళ్లు' అని రాస్తే, "మంచినీళ్లట, ఇందాకే ఇచ్చా, ఈ మనిషికి ఎప్పుడు ఏది కావాలో బ్రహ్మకే తెలీదు, నువ్వైనా చెప్పరా" అని చదివేది. బావ భుజాలు కుదిపి చప్పుడు లేకుండా నవ్వేవాడు.

రోగం ఊపిరితిత్తుల్లోకి పాకిందని, నెలలు కాదు వారాలేనని డాక్టరు చెప్పిన రోజు, పెద్ద చీటీ రాశాడు. అక్క దాన్ని రెండుసార్లు చూసుకుని చదివింది.

"ముప్ఫై ఏళ్లు మీ చెవులూ వీపులే చూశాను. ఒక్కసారి ముందు వరసలో కూర్చుని నాటకం చూడాలి." కాస్త ఆగి, "ఇంట్లో ఎదురుగా కూర్చున్న పెళ్లాన్ని ఎన్నిసార్లు చూశావు అని నేనడుగుతున్నా. అది రాయలేదు" అని చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంది. కళ్లు మాత్రం తుడుచుకోలేదు, తుడిస్తే నేను చూస్తానని.

మూడు వారాల్లో నాటకం పెట్టాలనుకున్నాం. పెట్టాలంటే మాట అందించేవాడు కావాలి. బస్టాండులో మైకు పట్టుకుని బస్సులు పిలిచే ఆయన్ని తెచ్చాం, చదువొచ్చు, గొంతుంది. ఆయన కాపీ పట్టుకుని, "ప్రభువుగారు... కోట నుంచి... బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నారు" అని అందిస్తే, వెనకనించి మంత్రి "ఏ ప్లాట్‌ఫారమ్ మీంచి?" అన్నాడు. నవ్వడానికి బాగానే ఉంది. కానీ రెండో పేజీ దాటలేకపోయాం. ప్రతి మాటకీ ముందు బావ చిన్నగా ఊపిరి తీసేవాడు. ఆ ఊపిరి వినపడితేనే మావాళ్ల నోరు తెరుచుకునేది. కాపీలో ఊపిరి రాసి లేదు.

పది రోజులు అలాగే గడిచాయి. రాజుగారు రిమ్ము కిరీటం తీసి బస్తా మీద పడేశాడు. "నా వల్ల కాదురా. మాస్టారు లేకపోతే నేను కటింగ్ షాపువాణ్ణే. వెళ్లి చెప్పేద్దాం, ఈ ఏడు లేదని."

"ఈ ఏడు కాకపోతే ఆయనకి ఇంకే ఏడుంది?" అంది నర్సమ్మ.

నేను అలవాటు కొద్దీ తాడు పట్టుకుని నిలబడి ఉన్నా. ఏమనుకున్నానో తెలీదు, చిన్నగా ఊపిరి తీసి, "కోట తలుపులు మూయించాను, అయినా నిద్ర పట్టదు" అన్నా.

రాజుగారు నావైపు చూడకుండానే గట్టిగా అన్నాడు, "కోట తలుపులు మూయించాను, అయినా నిద్ర పట్టదు!"

అంతే. ఒక మాట వెనక ఒక మాట వస్తూనే ఉంది. మొదటి అంకం, రెండో అంకం. "నీకెలా వచ్చురా ఇదంతా?" అని మధ్యలో అడిగింది నర్సమ్మ. "ఏమో, ఆ మాట పోయాక ఈ మాటే కదా వచ్చేది" అన్నా. ముప్ఫై ఏళ్లు చెవి పక్కన పోస్తే కుండైనా నిండుతుంది, నా తలకాయ నిండదా.

చూస్తే గుమ్మంలో అక్క. నన్ను అన్నానికి పిలవడానికొచ్చింది. కిరీటం పక్కన బస్తా మీద కూర్చుండిపోయింది.

"ఊపిరి కూడా అచ్చం ఆయనలాగే తీస్తున్నావురా" అంది. అన్నం మాటే మర్చిపోయింది.

ఆదివారం నాలుగింటికి బావని కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు వరసలో పెట్టాం. ఇస్త్రీ చొక్కా, మెడకి తెల్లటి గుడ్డ. పక్కన అక్క. జనం ఎంతమంది వచ్చారంటే, బయట నిలబడ్డవాళ్లు లోపలికి ఊపిరి తీసుకుంటే లోపలున్నవాళ్లు బయటికి వదలాల్సొచ్చేది. పక్కతెర చిల్లులోంచి నాకు బావ మొహం కనపడుతోంది. మొదటిసారి చూస్తున్న పిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తను రాసిన మాటలు స్టేజీ మీదవాళ్ల కంటే ముందే పెదాల మీద ఆడుతున్నాయి, చప్పుడు లేకుండా.

రెండో అంకం అయింది. మూడోది మొదలైంది. రాజుగారు ఒంటరిగా కూర్చున్నాడు.

దగ్గాలి. రిహార్సల్లో అక్కడికొచ్చేసరికి అందరం తల దించుకుని దాటేసేవాళ్లం. ఎలా చెయ్యాలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు దాటడానికి లేదు. నాకొచ్చు ఆ దగ్గు. మూడేళ్లూ విన్నా, ఏ ఏడుది ఎలా ఉందో కూడా వచ్చు. నోరు తెరిచా. రాలేదు. దాన్ని నాటకం అనుకుని మేం పెంచాం కదా. మళ్లీ నా గొంతుతో ఎలా తెచ్చేది?

రాజుగారు కదలడు. గుర్తు రాకపోతే ఆయన రేపటిదాకా అయినా అలాగే కూర్చుంటాడు. జనం కుర్చీల్లో కదులుతున్నారు. నా చేతిలో తాడు చెమటకి జారుతోంది.

అప్పుడు వినపడింది. గొంతు లేని దగ్గు. మెడ దగ్గర కన్నంలోంచి గాలి ఒక్కసారిగా తన్నుకొచ్చిన చప్పుడు, ట్యూబులోంచి వాల్వు ఊడినట్టు. ముందు వరసలోంచి.

రాజుగారు ఉలిక్కిపడ్డాడు. ప్రతి ఏడూ పక్కతెర వైపు తిరిగేవాడు, ఈసారి జనం వైపు తిరిగాడు. "ఎవరక్కడ?" అన్నాడు.

బావ చెయ్యెత్తాడు.

బళ్లో హాజరు పిలిస్తే ఎత్తినట్టు. అక్క ఆ చెయ్యి పట్టుకుని, కిందికి దించకుండా, తనూ పైకెత్తి పట్టుకుంది. రాజుగారికి తర్వాతి మాట నేను అందించలేదు. ఆయనా అడగలేదు. స్టేజీ అంచుదాకా వచ్చి, కిరీటం తీసి, వంగి నిలబడ్డాడు. నాటకంలో రాజు తమ్ముణ్ణి 'నన్ను క్షమించు' అని అడిగే చోటు అది. జనానికి అంతా కథలాగే ఉంది. తాడు నా చేతిలోంచి జారిపోయి తెర దబ్బున పడిపోయింది.

పదకొండు రోజులకి బావ పోయాడు. పోయే ముందు రోజు నన్ను పిలిపించి ఒక చీటీ రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. అక్క తీసుకుంది. నేను ఎదురుచూశా, బావవి రెండు ముక్కలకి తనవి పది కలుపుతుందని. కలపలేదు. ఉన్నది ఉన్నట్టు చదివింది.

"ముందునుంచి చూస్తే చాలా బాగుంది. తెర తొందరగా వేసేశావురా బామ్మర్దీ."

ఇప్పుడు ఏటా నేనే మాటలందిస్తున్నా. మూడో అంకంలో ఎవరూ దగ్గరు. రాజుగారు ఊరికే ముందు వరసకేసి చూసి, అడుగుతాడు. అక్క అక్కడే కూర్చుంటుంది, పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా తన సంచీ పెట్టుకుని. తర్వాత ఆయన వంగుతాడు. నేను తాడు రెండు చుట్లు గట్టిగా చేతికి చుట్టుకుంటా. జనం లేచి చెప్పులు వెతుక్కునేదాకా తెర వెయ్యను. రాజుగారు నడుం పట్టేసి, వంగినచోటే మెల్లగా తిడతాడు, "వెయ్యరా బాబూ, నా వెన్నుపూస పోయింది!"

వెయ్యను. ఇంకాసేపు చూడనీ.