మూడో రోజు కోసిన పూలు

“పూలు తినడమేంటి లలితా, మనమేమన్నా మేకలమా?” అన్నారు మా ఆయన, పులిహోరలోంచి నారింజరంగు రేకులు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెడుతూ. ఏరినవి ఎవరు తీస్తారు? నేనే. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో కంచం అంచున పెట్టినవన్నీ నేనే తీస్తున్నాను, కరివేపాకుతో సహా.

అవి బంతిరేకులు కావు. చూడటానికి బంతికి చెల్లెల్లా ఉంటుంది గానీ దీని పేరు కాలెండ్యులా, చలికాలపు పువ్వు. పటమటలో మా డాబా మీద పన్నెండు కుండీల్లో పెంచుతున్నాను. రేకులు పెరుగన్నంలో కలుపుతాను, అట్ల మీద చల్లుతాను. మిగిలినవి నీడన ఆరబెట్టి నువ్వులనూనెలో మూడు వారాలు నానబెడతాను, కాళ్ళ పగుళ్ళకి మంచిదని. ఈ మొక్కతో ఒకటే పేచీ. రోజు విడిచి రోజు పూలు కొయ్యాలి. ఐదు రోజులు వదిలేస్తే గింజ కట్టేసి పూయడం మానేస్తుంది.

గొడవంతా ఆ ఐదు రోజుల దగ్గరే. నెలసరిలో ముట్టుకుంటే మొక్క మాడిపోతుందని మా అత్తగారు జ్ఞానప్రసూనాంబగారి నమ్మకం. ఒకప్పుడు వంటింట్లోకీ రానిచ్చేవారు కాదు. ఆవిడ మోకాళ్ళు అరిగి పొయ్యి దగ్గర నిలబడలేకపోయాక, ఓ పూట మా ఆయనే తేల్చేశారు, “ఈ రోజుల్లో వంటకి పట్టింపులేంటమ్మా!” అని. ఆహా, ఏం అభ్యుదయం! హోటలు సాంబారు పడక పుట్టిన అభ్యుదయం. వంటకి మైల పోయింది, అంట్లకి పోయింది, బట్టలకి పోయింది. ఎవరికీ ఆకలి వెయ్యని చోట, అంటే దేవుడి గదికీ నా కుండీలకీ మాత్రం ఉండిపోయింది. పోనీ ఆ ఐదు రోజులూ ఆయన నీళ్ళు పోస్తారా అంటే నడుం నొప్పి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు.

అందుకని నేను దొంగనయ్యాను. బట్టలు ఆరేసే నెపంతో బకెట్టు పట్టుకుని పైకెళ్ళి, నీళ్ళు పోసి, పూలు కోసి, కొంగులో దాచి తెచ్చేదాన్ని. నాలుగు చలికాలాలు అలాగే గడిపాను. బళ్ళో పిల్లలకి సైన్సు చెప్పే టీచరునై ఉండి, నా ఇంట్లో నా మొక్కల దగ్గరికి అలా వెళ్ళాలంటే సిగ్గేసేది. అయినా ఇంట్లో రభస ఎందుకులే అని సర్దుకుపోయాను.

అత్తగారి మడమల పగుళ్ళు ఏ ఆయింట్‌మెంటుకీ లొంగనివి, ఈ నూనెతో మానాయి. పక్కింటి సంపూర్ణమ్మగారికి పాదం చాపి మరీ చూపించేవారు. “మా కోడలు చేసిందండీ. ఎంత మడిగా చేస్తుందో!” అనేవారు. వంటింట్లో నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి వినీల మగ్గు పట్టుకుని మెట్లెక్కబోతుంటే అత్తగారు కుర్చీలోంచే కేకేశారు. “ఏమే, నిన్నేగా నీకు వచ్చింది? పైకెళ్ళకు. నువ్వు ముట్టుకుంటే ఆ మొక్కలు మాడి మసైపోతాయి.”

వినీలకి పదమూడేళ్ళు. ఆ కుండీల్లో నాలుగింటికి గింజలు నాటింది అదే. మెట్టు మీద ఆగిపోయింది. నావంక చూసి, తర్వాత తన చేతులు చూసుకుంది, వాటికేదో అంటుకున్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఐదు రోజులేగా, నానమ్మ మాట వింటే పోలా?” అన్నారు మా ఆయన పేపరు వెనకనుంచి. నూనె సీసా కోసం వచ్చిన సంపూర్ణమ్మగారు సోఫాలో కూర్చుని ఉన్నారు. పిల్లని పక్కకి పిలిచి, తడిబట్టలు చేతికిచ్చి, కిటుకు చెప్పెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఛీ, నా దొంగతనం నా కూతురికి కూడా నేర్పాలా!

“అత్తయ్యా, ఇప్పుడు మీరు రాసుకుంటున్న నూనెకి పూలు ఎప్పుడు కోశానో తెలుసా? నా మూడో రోజున.”

ఆవిడ రెండు పాదాలూ కుర్చీ కిందకి లాక్కున్నారు. “ఏంటి నువ్వనేది?”

“అంతకుముందు సీసాకి మొదటి రోజున. నాలుగు చలికాలాలుగా ఒక్క నెల కూడా మానలేదు. మొక్కలేమీ మాడలేదు, మీ మడమలు మాత్రం మానాయి.”

“లలితా! బయటివాళ్ళ ముందు ఏంటా మాటలు?” మా ఆయన ఇప్పుడు పేపరు దించారు.

“ఆవిడకి తెలియని సంగతా అండీ? మీకే తెలియాలి.”

సంపూర్ణమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అత్తగారి మొహం కందగడ్డ అయింది. “అయితే ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశావన్నమాట” అన్నారు.

“చేశాను. అది తప్పే, ఇంక చెయ్యను. ఈ రోజు నాకూ రెండో రోజే అత్తయ్యా, చెప్పే వెళ్తున్నాను” అని, వినీల చెయ్యి పట్టుకుని అందరూ చూస్తుండగా మెట్లెక్కాను.